విడుదల రోజు

బడి క్వార్టర్స్ నుంచి,
సెలవులు అయిపోయిన వారం

మొద్దూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను, అడిగితే "బిజీగా ఉన్నా అక్కా" అంటావు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉంటావు. మెసేజ్ పెడితే చూసినట్టు గీతలు పడతాయి తప్ప జవాబు రాదు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు, చదివి తీరాలి.

ఇక అసలు సంగతి. ఈ ఏడు ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి నా పేరు పంపారు. హెడ్మాస్టరు స్వయంగా స్టాఫ్‌రూమ్‌కి వచ్చి చెప్పాడు. సీలింగ్ ఫ్యాను ఊడి పడ్డా తన గది దాటి రాని మనిషి, వచ్చాడు. లెక్కల టీచరు మొహం చూడాల్సింది నువ్వు, ఆముదం తాగినట్టు పెట్టింది. పటం, చప్పట్లు నేనేం చేసుకుంటాను, గోడకి మేకు కొట్టే ఓపిక కూడా లేదు. కానీ ఈ పురస్కారం వచ్చినవాళ్ళకి రిటైర్మెంటు రెండేళ్ళు వాయిదా వేస్తారు. నాకు కావలసింది ఆ రెండేళ్ళు. రాకపోతే ఈ ఏడాది క్వార్టర్సు తాళాలు ఇచ్చేసి ఎక్కడో అద్దెగదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని చేతకాదని నీకు తెలుసు. నా వంట ఎలా ఉంటుందో చిన్నప్పుడే ఊరంతా చాటావుగా.

పురస్కారం దేనికంటే, మన విడుదల రోజుకి. పదో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా గాజుతొట్టిలో గంబూసియా చేపలు పెంచి, చివర్లో గ్లాసుల్లో పట్టుకుని వరసగా నడిచి బడి వెనక చెరువులో వదులుతారు కదా, అదే. దోమపిల్లల్ని తింటాయని పిల్లలు వాటికి దోమల పోలీసులని పేరు పెట్టారు. మీసాలొచ్చిన వెధవలు కూడా తమ చేపకి టాటా చెప్పేటప్పుడు ముక్కు చీదుకుంటారు. జీవవైవిధ్యాన్ని పుస్తకంలోంచి నీళ్ళలోకి దించిన టీచరు అని పేపర్లో వేశారు నా గురించి. కట్ చేసి పంపుతున్నా, పారేయకు.

కమిటీవాళ్ళు ఎవరో నిపుణుల అభిప్రాయం కూడా తీసుకుంటారట. తీసుకోనీ. నిపుణులంటే నీలాంటివాళ్ళేగా, పరీక్షలో తూనీగ పిల్లని చూపిస్తే నీటి తేలు అన్నవాళ్ళు.

మరిదిగారిని అడిగానని చెప్పు. ఆయన ఓపికున్న మనిషి, నీ పక్కన ఇన్నేళ్ళు ఉన్నాడంటేనే తెలుస్తోంది.

అక్క

*

ల్యాబ్, రెండో అంతస్తు,
వానలు మొదలయ్యాక

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. పేపర్ ముక్క ఆయనకీ చూపించాను. ఫోటోలో నువ్వు పిల్లల మధ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డ తీరు చూసి, మీ అక్కయ్య ఇంకా పిల్లల్ని భయపెడుతూనే ఉన్నారా అని అడిగారు.

ఒక్క మాట. లోపల ఏమన్నా అనుకో గానీ, కవరు మీద కూడా "మొద్దుకి" అని రాయాలా? మా అటెండరు దాన్ని టేబులు టేబులుకీ తిప్పాడు. "ఇక్కడ మొద్దు ఎవరండీ" అని అడుగుతుంటే నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు తలలు దించుకుని నవ్వారు. చివరికి నేనే చెయ్యెత్తాను.

సరే, అది వదిలెయ్. విడుదల రోజు గురించి నాకు వివరంగా రాయి అక్కా. చిన్నప్పటి సంగతులు చాలా మర్చిపోయాను, నీ మాటల్లో చదవాలని ఉంది. ప్రతి ఏడూ వదులుతున్నారా, మధ్యలో ఎప్పుడైనా మానేశారా? చెరువులో ఒక పక్కే వదులుతారా, అన్ని పక్కలా? వల వేసినప్పుడు ఇంకా ఏమేం పడుతున్నాయి? మన చిన్నప్పుడు పరిగె చేపలు గుంపులు గుంపులుగా ఉండేవి కదా, గట్టు మీద నిలబడితే నీళ్ళలో వెండి మెరిసేది. ఇప్పుడూ పడుతున్నాయా?

ఇంకోటి, ఊరికే అడుగుతున్నా. ఆ మొదటి చేపల్ని ఎవరు తెచ్చారో ఇప్పటి పిల్లలకి చెబుతుంటావా?

తీరిగ్గా రాయి. తొందరేం లేదు.

చెల్లి

*

స్టాఫ్‌రూమ్ నుంచి, కిటికీ పక్క బల్ల,
వాన పడుతూనే ఉంది

మొద్దూ,

నా పాఠం గురించి నువ్వు అడిగావంటే పొద్దు ఎటు పొడిచిందో చూసుకోవాలి. సరే, అడిగావు కాబట్టి విను, మళ్ళీ అడగవు.

మొదటి రోజు పుస్తకం తెరవనివ్వను. బడి వెనక గోడకి తలుపుంది కదా, దాని గుండా గట్టు మీదకి తీసుకెళతాను. తెల్ల ట్రేలో చెరువు నీళ్ళు పోసి, గడ్డి కింద వలతో ఒక్క ఊపు ఊపి, వచ్చినదంతా ట్రేలో దులుపుతాం. ముందు బురద తప్ప ఏమీ కనబడదు. ఏమీ లేదు టీచర్ అంటారు. నోరు మూసుకుని చూడండి అంటాను. బురద నెమ్మదిగా అడుక్కి దిగుతుంది. అప్పుడు ఒక మూల ఏదో కదులుతుంది, ఇంకో మూల ఇంకోటి. నత్త ఒకటి తల బయటపెడుతుంది. పిల్లలు తలలు తలలకి కొట్టుకుంటూ ట్రే మీద వాలిపోతారు. ఆ కాసేపు వాళ్ళ మొహాలు చూడటానికే నేను బతికున్నాననిపిస్తుంది, నిజం చెబుతున్నా. ఇది పోతే నాకేం మిగలదు.

ఈ ఏడు క్లాసులో ఒక వసపిట్ట ఉంది. నోరు మూయదు. నిన్న ట్రేలో జలగని చూసి, దీనికి ఆకలేస్తే ఎవరికి చెప్పుకుంటుంది టీచర్ అని అడిగింది. బెంచీ ఎక్కించాను, కానీ ప్రశ్న బాగుందనిపించింది. దానికి ఆ మాట చెప్పలేదులే, నెత్తికెక్కుతుంది.

ప్రతి ఏడూ వదులుతున్నాం, ఒక్క ఏడు కూడా మానలేదు. చెరువు నాలుగు పక్కలా వదులుతాం, ఏ వీధివాళ్ళూ మాకు లేవని గొణక్కుండా. పరిగెలా, ఎక్కడివే? ట్రేలో అవి పడి చాలా ఏళ్ళయింది. తోకకప్పలు కూడా బాగా తగ్గాయి. మురుగునీళ్ళు కలుపుతున్నారు, ఇంకేం బతుకుతాయి. మన పోలీసులు మాత్రం ఎక్కడ వల వేసినా నిండా ఉంటారు, గట్టిపిండాలు.

మొదట ఎవరు తెచ్చారో పేరు గుర్తులేదు. ఎవరో ఒక పిల్ల. ఎవరైతే ఏమిటి, అదంత ముఖ్యమా.

నీ కథ మాత్రం ఏటా చెబుతాను. ప్రాక్టికల్ పరీక్షలో సొంత చెల్లెల్ని తప్పించిన కథ. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆ కొద్ది మార్కులూ వేసి ఉంటే అక్క కాబట్టి వేసింది అనేవాళ్ళు. అప్పటి హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర అందరి ముందూ అన్నాడు, ఈవిడకి రక్తసంబంధం కూడా అడ్డురాదు అని. నువ్వు లైన్లో నిలబడి ఏడ్చావు. తోటివాళ్ళు పై క్లాసుకి వెళ్ళిపోతే నువ్వు అదే బెంచీలో మళ్ళీ కూర్చున్నావు. ఏడాది పోయింది గానీ బుద్ధొచ్చింది. ఇవాళ డాక్టరువయ్యావంటే అది నా చలవే. థాంక్స్ చెప్పాల్సింది పోయి కవరు మీద పేరుకి ఏడుస్తావా?

నీ ఫోటో క్లాసు గోడకి అతికించాను. దాని కింద, తప్పి పాసైన శాస్త్రవేత్త అని రాశాను. పిల్లలకి ధైర్యంగా ఉంటుంది.

అక్క

*

ల్యాబ్,
వాన వెలిసిన రోజు

అక్కా,

నీ ఉత్తరం చాలా ఉపయోగపడింది. అంటే, చదువుతుంటే అంతా కళ్ళముందు కనబడింది అని.

పేరు గుర్తులేదన్నావు. సరే.

వస్తావా అని నువ్వు అడగలేదు గానీ, అడుగుతావేమోనని ముందే చెబుతున్నా. ఈ నెలంతా ఊపిరాడని పని. అటు రావడం కుదరదు. వచ్చినప్పుడు నీ దగ్గర రెండు రోజులు ఉంటాను.

చెల్లి

*

బడి క్వార్టర్స్ నుంచి,
మధ్యాహ్నం, అన్నం తినకుండా

మొద్దూ,

నువ్వు వచ్చి వెళ్ళావు.

నాకు చెప్పింది వసపిట్ట. పొద్దున క్లాసులోకి వస్తూనే, టీచర్, గోడ మీద ఫోటోలో ఆవిడ నిన్న చెరువు అవతలి గట్టున పడవలో ఉన్నారు అంది. నీకు కళ్ళజోడు కావాలే అన్నాను. కాదు టీచర్, ఆవిడే, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్నారు, ఇద్దరు అబ్బాయిలు వల లాగుతుంటే సీసాల్లో ఏవో వేసి మూతలు పెడుతున్నారు అంది. అబద్ధాలు చెబుతున్నావని దాన్ని గుమ్మం బయట నిలబెట్టాను. క్లాసు అయ్యాక మనసు ఊరుకోక గట్టు మీదకి వెళ్ళాను. అవతల బురదలో బూటు అడుగులు ఉన్నాయి. అక్కడ బట్టలు ఉతికేవాళ్ళని అడిగితే నిన్నా మొన్నా వచ్చారని చెప్పారు, ఆ మేడం మాకు టీ కూడా ఇప్పించారు అన్నారు.

ముక్కూమొహం తెలియని వాళ్ళకి టీ ఇప్పించావు. గట్టు దిగితే అక్క ఇల్లు. నా కిటికీలోంచి ఆ పడవ కట్టే చోటు కనబడుతుంది. నేను ఆ రెండు రోజులూ జ్వరమొచ్చి పడుకుని ఉన్నాను, లేకపోతే నేనే చూసేదాన్ని.

నాకు కోపం లేదు. ఉంది, అబద్ధం ఎందుకు. అమ్మ పోయాక నీకు తల దువ్వింది నేను, జడ బిగుతుగా వేస్తే ఏడ్చేదానివి. నీకోసం ఈవిడ పెళ్ళి మానుకుంది అని ఊళ్ళోవాళ్ళు అంటారు, నేను మాత్రం ఎప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. మా చెరువులో నీకేం పని? నాకెందుకు చెప్పలేదు? ఇదొక్కటి చెప్పు చాలు. వసపిట్టకి సారీ చెప్పాల్సి వచ్చింది నీ వల్ల, నా సర్వీసులో అది మొదటిసారి.

అక్క

*

ల్యాబ్,
నివేదిక పంపిన మర్నాడు

అక్కా,

చెబుతాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన వారానికే పురస్కార కమిటీ ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. నిపుణులు అన్నావే, అది నేనే. నా ఇంటిపేరు మారింది కదా, మనం అక్కచెల్లెళ్ళమని వాళ్ళకి తెలియదు. చెబితే పక్క గదిలో ఉండే ఇంకో శాస్త్రవేత్తకి ఇచ్చేవారు. నేను చెప్పలేదు.

నీ చేపలు మీ చెరువువి కావు అక్కా. ఎక్కడివో తెచ్చి వదిలినవి. అవి దోమపిల్లల్నే తింటాయని ఎవరు చెప్పారు నీకు? ఏది దొరికితే అది తింటాయి. పరిగెలు పెట్టిన గుడ్లు తింటాయి, గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని తింటాయి. తోకకప్పల తోకలు కొరికి చంపుతాయి. నువ్వు మురుగు అన్నావు కాబట్టి నీళ్ళు కూడా పరీక్షించాను. అంత చెడ్డగా ఏం లేవు. పరిగెలు హాయిగా బతకగలిగిన నీళ్ళే. రెండు రోజులు నాలుగు పక్కలా వల వేశాం. ఒక్క పరిగె కూడా పడలేదు. నీ పోలీసులు పడ్డారు, వల బరువెక్కి లాగలేకపోయాం.

జీవవైవిధ్యం పాఠం చెబుతూ ఏటా నలభైమంది పిల్లల చేత ఒక చెరువుని చంపించావు. చప్పట్లు కొట్టించి మరీ. ఇదే రాశాను నివేదికలో, కొంచెం మర్యాదైన మాటల్లో. పురస్కారం ఇవ్వకూడదని, విడుదల ఆపేయాలని, ఆ చేపల్ని తొలగించాలని రాశాను. నీ రెండో ఉత్తరంలో, చేపల్ని ఏటా ఎక్కడెక్కడ వదిలావో నువ్వే రాసిన పేజీ ఒక్కటీ జతచేశాను. నీ దగ్గర వివరాలు తీసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. మీరు తప్పు చేశారా అని ఎవరైనా అడిగితే నువ్వు చెప్పే రకం కాదు. పొగిడితే చెప్పే రకం.

నివేదిక చూసి మా డైరెక్టరు పిలిచారు. అప్పుడు చెప్పాను, ఆవిడ నా సొంత అక్క అని. ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపారు. రక్తసంబంధం కూడా చూసుకోలేదు, ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు అన్నారు.

ఆ మాట ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి నాకూ తెలిసింది. బాగుంటుంది అక్కా. నువ్వు ఏటా పిల్లలకి ఎందుకు చెబుతున్నావో అర్థమైంది.

చెల్లి

*

బడి నుంచి,
కమిటీ వచ్చి వెళ్ళాక

డాక్టర్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నివేదిక కూడా చదివాను, హెడ్మాస్టరు గారు ఒక కాపీ ఇచ్చారు. తప్పు పట్టుకోవడానికి మొదటి నుంచి చివరి దాకా వెతికాను. దొరకలేదు. ఆ మర్నాడు నేనే గట్టు మీదకి వెళ్ళి వల వేసి చూసుకున్నాను. మీరు రాసిందే నిజం.

పురస్కారం లేదు. రెండేళ్ళూ లేవు. ఏడాది ఆఖరి దాకా కూడా ఉండనివ్వరు, నెలాఖరుకి పంపించేస్తున్నారు. లెక్కల టీచరు నా అలమరా ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగింది.

విచారణ హెడ్మాస్టరు గదిలో జరిగింది. బల్లకి అవతల ముగ్గురు, ఇవతల నేను. నాకు కుర్చీ వేశారు గానీ కూర్చోమని ఎవరూ అనలేదు. నా ఉత్తరం బల్ల మీద పెట్టి, ఈ చేతిరాత మీదేనా అని అడిగారు. "గట్టిపిండాలు" అన్న మాట కింద ఎర్రగీత ఉంది. వాళ్ళలో ఒకాయన దాన్ని పైకి చదివి నవ్వాడు. నాదే అన్నాను. ఆ తర్వాత, మొదటి చేపల్ని బడికి తెచ్చింది ఎవరు అని అడిగారు.

"నేనే తెచ్చాను" అన్నాను.

మీరు ఉత్తరంలో అడిగినప్పుడు పేరు గుర్తులేదని రాశాను కదా. గుర్తుంది. ఆరోగ్యశాఖ ఆఫీసు వెనక తొట్టిలోంచి ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చారు మీరు, తప్పిన ఏడు, మళ్ళీ అదే బెంచీలో కూర్చున్న ఏడు. సీసా మూతకి పిన్నుతో బెజ్జాలు పొడిచారు, ఊపిరాడదని. ఏ సంగతీ మర్చిపోలేదు. పురస్కారం ఇచ్చే రోజు వేదిక మీద మొదటి మాటగా చెబుదామని దాచుకున్నాను. ఇది మా చెల్లెలు తెచ్చిన సీసాతో మొదలైంది, అదిగో ముందు వరసలో కూర్చుంది అని. అందరూ మిమ్మల్ని చూస్తారని, మీరు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడతారని అనుకున్నాను. ముందే చెప్పేస్తే ఏం బాగుంటుందిలే అని అలా రాశాను.

ఆ సీసా తెచ్చిన రోజు క్లాసులో అందరి ముందూ మిమ్మల్ని మెచ్చుకున్నాను. నా దగ్గర పెరిగినన్నాళ్ళలో అలా మెచ్చుకున్నది అదొక్కసారే, నాకు తెలుసు. అది కూడా పొరపాటేనని మీరే రుజువు చేశారు. కాబట్టి ఆ మెప్పు వెనక్కి తీసుకుంటున్నాను. చేపలు తెచ్చింది నేనేనని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ చెరువులో ఇక మీదంటూ ఏమీ లేదు, మంచీ లేదు, చెడూ లేదు.

గోడ మీద మీ ఫోటో తీసి ఈ కవర్లోనే పెట్టాను.

ఇట్లు,
జీవశాస్త్రం టీచర్

*

ఇంటి నుంచి,
ల్యాబ్‌కి సెలవు పెట్టి

అక్కా,

మీరు అని రాశావు. నువ్వు నన్ను కొట్టావు, బెంచీ ఎక్కించావు, అందరి ముందూ మొద్దు అన్నావు, ఏనాడూ మీరు అనలేదు. తిట్టు అక్కా. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇలా మాత్రం రాయకు.

నేను ఎందుకు అడిగానో చెబుతాను విను. ఫైలు వచ్చిన రోజు నుంచీ అది నా సొరుగులోనే ఉంది. వెనక్కి ఇచ్చేయాలా, ఉంచుకోవాలా అని తేల్చుకోలేకపోయాను. నిజం ఎలాగూ బయటికి వస్తుంది, పక్క గదిలో ఆయన రాసినా అదే రాస్తాడు, కానీ నా చేత్తో రాయక్కర్లేదు కదా. అందుకే అడిగాను, ఆ మొదటి చేపల్ని ఎవరు తెచ్చారు అని. "నువ్వే కదే మొద్దూ" అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఫైలు ఇచ్చేద్దాం అనుకున్నాను. నాకు బహుమతి అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. నీకు గుర్తుందో లేదో తెలుసుకోవాలి, అంతే. ఎవరో ఒక పిల్ల, అదంత ముఖ్యమా అని వచ్చింది. ల్యాబ్ బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చాను. బయటికి వచ్చి పడవ కావాలని చెప్పాను.

నువ్వు దాచకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు. నేను నేరుగా అడిగి ఉంటే నువ్వు దాచేదానివి కాదు. మనిద్దరికీ ఏం తెగులే అక్కా?

కమిటీకి ఇవాళే ఉత్తరం రాశాను. మొదటి చేపలు నేనే తెచ్చానని, నువ్వు నా అక్కవని, ఆ సంగతి దాచి ఫైలు తీసుకున్నానని. నీ నెలాఖరు ఆగుతుందేమో చూస్తాను. నువ్వు ఇక్కడికి వచ్చెయ్. ఆయన పై గది సర్దుతున్నారు. నువ్వొస్తే వంట మాత్రం నేనే చేస్తాను.

ఒక్క కార్డు ముక్క రాయి. ఏమీ రాయకపోయినా పర్లేదు, పైన మొద్దూ అని ఒక్క మాట రాయి చాలు.

చెల్లి

*

చెరువుగట్టు నుంచి,
నెలాఖరు

డాక్టర్ గారికి,

మీరు కమిటీకి రాసిన ఉత్తరం హెడ్మాస్టరు గారు చూపించారు. అక్కని కాపాడుకోవడానికి నేరం నెత్తిన వేసుకుందిలే అని వాళ్ళు నవ్వుకుని పక్కన పెట్టేశారట. నేను ముందే సంతకం పెట్టాను కదా. అయితే ఫైలు సంగతి మాత్రం కమిటీవాళ్ళు మీ డైరెక్టరు గారికి రాశారని విన్నాను. ఆయన చెయ్యి కలిపినది కూడా వెనక్కి తీసుకుంటారేమో, చూసుకోండి.

పై గది సర్దవద్దని మరిదిగారికి చెప్పండి. మూడో వీధిలో గది తీసుకున్నాను. అక్కడి నుంచి చెరువు కనబడదు.

మీ నివేదికలో తొలగించాలి అని ఒక్క మాట రాశారు. మీరు రాసి వెళ్ళిపోతారు, చేసేవాళ్ళం మేము. అదెలా జరిగిందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఇవాళ నా ఆఖరి క్లాసు. నేను వెళ్ళిపోతున్నానని విడుదల రోజు ముందుకి జరిపారనుకుని పిల్లలు గ్లాసులు తెచ్చుకున్నారు. గ్లాసులు పక్కన పెట్టమన్నాను. నివేదిక చదివి వినిపించాను, ఒక్క వాక్యం కూడా వదల్లేదు. నేను ఇన్నేళ్ళు చెప్పింది తప్పు, ఇందులో రాసింది నిజం అని చెప్పాను. గాజుతొట్టి గట్టు మీదకి మోయించాను. బకెట్లలో ఐసు వేయించాను. చలికి త్వరగా పోతాయని మీరే రాశారు. ముందు తొట్టిలోవి, తర్వాత వలతో తీసినవి. ఎవరి చేపని వాళ్ళే తీసి వేయమన్నాను. పేర్లు పెట్టుకున్నవి కదా, ఇంకొకరి చేత చేయించడం బాగుండదు. కొందరు కళ్ళు మూసుకుని వేశారు. కళ్ళు తెరిచి చూడండి అన్నాను, ఇదీ పాఠమే అన్నాను.

ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయని మీకు తెలుసు. కంగారుకి కొన్ని పట్టుకున్న చేతుల్లోనే కనేశాయి. వసపిట్ట చేతిలో ఒకటి అలాగే కనింది. ఈ పిల్ల పొద్దుటి నుంచి నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం నా దగ్గరికి వచ్చి, "ఇవి కూడానా టీచర్" అని అడిగింది. అవి కూడా అన్నాను. తల ఊపి వెళ్ళింది. కాసేపటికి చూస్తే, ఆ చిన్నవాటిని తన మంచినీళ్ళ సీసాలో వేసుకుని సంచీలో పెట్టుకుంటోంది. మూతకి పిన్నుతో బెజ్జాలు పొడిచి ఉన్నాయి. పొద్దునే పొడుచుకుని వచ్చినట్టుంది, విడుదల రోజు అనుకుని.

మీరు ఒక మాట అడిగారు, ఒక్కసారి రాయమని. దాన్ని నేను ఇవాళ ఖర్చు పెట్టేశాను.

"మొద్దూ, ఆ సీసా ఇటు తే" అన్నాను. పిల్లలంతా నవ్వారు. వసపిట్ట తెచ్చింది. నేను తీసుకోలేదు, దాని చేతే బకెట్లో పోయించాను.

ఇట్లు,
పదో తరగతి జీవశాస్త్రం టీచర్,
ఇవాళ్టి దాకా